మామ చెయ్యి ఆనించిన గోడ

మా మామ పోయాడన్న కబురు నేను ఊరికి ఆ కొసనున్న మారతహళ్ళిలో మా అక్క ఇంట్లో ఉండగా వచ్చింది. ఫోనులో మా ఆయన ఒక్క మాటే అన్నాడు. "నాయన పోయినాడు, వచ్చెయ్." నాకు వెంటనే ఏడుపు రాలేదు. బాల్కనీలోకి పోయి ఆకాశం చూశాను. తూర్పున మబ్బు కమ్ముకుని ఉంది. అప్పుడు పట్టుకుంది భయం. మామ లేడు, వాన వచ్చేలా ఉంది, ఇంక గోడను ఎవరు చూస్తారు? దుఃఖం కంటే ముందు ఈ ఆలోచన వచ్చిందంటే మీరు నన్ను రాతిగుండె మనిషి అనుకుంటారేమో. మా ఇంట్లో ఒక్క వానాకాలం గడిపి చూడండి, అప్పుడు అనండి.

మామ అంటే మా ఆయన తండ్రి. బళేపేటలో గాజుల అంగడి. అంగడి వెనక సందులోనే ఇల్లు. మంగుళూరు పెంకుల కప్పు, మట్టితో కట్టి సున్నం పూసిన గోడలు. చుట్టుపక్కల అందరూ పాత ఇళ్ళు పడగొట్టి మేడలు లేపుకున్నారు. మధ్యలో మా ఇల్లొక్కటే గుంటలో కూర్చున్నట్టు మిగిలింది. వాన పడితే పక్క మేడల నీళ్ళు కూడా మా కప్పు మీదికే. ఆ నీళ్ళు గోడలోకి దిగకుండా ఆపేది చూరు వెంబడి బిగించిన రేకు కాలువ ఒక్కటే. కప్పు నీళ్ళన్నీ అందులో పడి, మూలనున్న గొట్టంలోంచి వాకిట్లో పెట్టిన డ్రమ్ములోకి దూకాలి. మామ బతుకులో సగం ఆ కాలువ చుట్టే తిరిగింది.

నేను కాపురానికి వచ్చిన ఏడాదే పాత కాలువ తీయించి కొత్తది వేయించాడు. పనివాళ్ళకు చుక్కలు చూపించాడు. కొక్కేలు ఎడం ఎడంగా కొట్టారని పీకించి దగ్గర దగ్గరగా కొట్టించాడు. నీళ్ళ బరువుకు రేకు వంగకూడదట. అతుకు అతుకునా వేలు పెట్టి తడిమాడు. చివరికి తానే నిచ్చెనెక్కి, ఒక కొసన చెంబుతో నీళ్ళు పోసి, ఆ నీళ్ళ మీద ఒక చేమంతి పువ్వు వదిలాడు. పువ్వు సగం దూరం పోయి ఆగింది.

"వాటం చాల్లేదప్పా, నీళ్ళు జారవు, విప్పండి" అన్నాడు.

పనివాళ్ళు తలలు పట్టుకున్నారు. ఎన్నిసార్లు విప్పి బిగించారో నాకు గుర్తులేదు గానీ, ఆఖరికి ఆ పువ్వు జారుకుంటూ వచ్చి గొట్టంలోంచి డ్రమ్ములో పడింది. మామ నిచ్చెన మీదే ఉండి చేతులు జోడించాడు. ఏ దేవుడికో నాకు అర్థం కాలేదు. పిచ్చివాళ్ళ ఇంట్లో పడ్డానే అనుకున్నాను.

మామను పిరికివాడని సందంతా ఎగతాళి చేసేది. మబ్బు పట్టగానే అంగడి మా ఆయనకు వదిలేసి ఇంటికొచ్చేవాడు. వాకిలి వైపు గోడకు, నడిమింట్లోంచి, అరచెయ్యి ఆనించి నిలబడేవాడు, పిల్లలకు జ్వరం చూసినట్టు. నేను అంగట్లో సాయంగా ఉంటే, గాజులు తొడిగించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు "ఏం, మీ మామ లేడే? గోడకు ఒళ్ళు కాలతా ఉండాదా?" అని నన్ను ఆటపట్టించేవాళ్ళు. వెనక ఇంట్లో ఉన్న మామకు అదంతా వినబడేది. కోపం వచ్చేది కాదు. "భయపడితే తప్పేముండాదమ్మా? కండ్లు మూసుకోని భయపడేదే తప్పు" అనేవాడు.

ఆ భయం ఎక్కడిదో నాకు ఒక్కసారే చెప్పాడు. ఆయన చిన్నతనంలో ఇదే ఇంట్లో, ఇదే గోడ వానకు నాని పడిపోయింది. దాని వారగా పడుకున్న వాళ్ళక్క మళ్ళీ లేవలేదు. "సద్దు కూడా పెద్దగా రాలేదమ్మా. బియ్యం మూట కింద దించినట్ల. అంతే" అన్నాడు. అని, గాజుల పెట్టె సర్దుకోవడానికి లేచిపోయాడు. ఆ మాట విన్నాక ఆ గోడ పక్కన నాకూ సరిగ్గా నిద్ర పట్టేది కాదు. అప్పుడే ఇంకో మాట చెప్పాడు, ఇప్పటికీ చెవిలో ఉంది. "వాన సద్దుకు భయపడొద్దు. గొట్టం సద్దు ఆగిపోయిందా, అప్పుడు భయపడు. డ్రమ్ములో నీళ్ళు పడలేదంటే గోడ తాగతా ఉండాదని అర్థం."

ఆయుధపూజ వచ్చిందంటే బళేపేటలో కాలు పెట్టే చోటుండదు. తక్కెళ్ళకు, షట్టర్లకు, స్కూటర్లకు కుంకుమ పెట్టి, దండలు వేసి, బూడిద గుమ్మడికాయలు కొడతారు. మామ అంగడి పూజ ముగించుకుని ఇంటికొచ్చి, నిచ్చెన వేసుకుని, చూరు కాలువకు పూజ చేసేవాడు. విభూతి పట్టెలు, కుంకుమ, ఈ కొస నుంచి ఆ కొస దాకా చేమంతి దండ. మా ఆయన నవ్వితే ఊరుకునేవాడు కాదు. "స్కూటరు నిన్ను అంగడికి తీసకపోతాది. ఇది నిన్ను ఇంట్లో ఉండనిస్తాది. ఏదప్పా పెద్ద ఆయుధం?" అని నిలదీసేవాడు. నాకు నవ్వూ వచ్చేది, ముచ్చటా వేసేది.

ఒక ఏడాది ఆ దండే మా కొంప ముంచబోయింది. పూజకు వేసిన దండ తనంతట తాను వాడి రాలిపోయే దాకా తీయకూడదని మామ పట్టింపు. పువ్వులు ఎండి కాలువలోకి రాలాయి. గొట్టం నోట్లో ముద్దకట్టాయి. పండగ వెళ్ళిన కొద్ది రోజులకే, సాయంకాలం, కుండపోతగా కురిసింది. నేను వంటింట్లో ఉన్నాను. మా పాపది అప్పటికి ఇంకా పాకే వయసు. నడిమింట్లో గోడ వారగా నిద్రపోతోంది. మామ తడుస్తూ అంగడి నుంచి వచ్చి వాకిట్లో ఆగాడు. డ్రమ్ము వైపు చూశాడు. గొట్టంలోంచి సన్నటి ధార కూడా లేదు. అంతే, చెప్పులతోనే లోపలికి పరిగెత్తాడు. పాపను బొంతతో సహా ఎత్తుకుని "బయటికి రామ్మా, బయటికి!" అని అరిచాడు. ఏమిటో ఎందుకో తెలియకుండానే నేనూ పరిగెత్తాను. వానలో నిలబడి పాపను ఆయన చేతుల్లోంచి తీసుకుంటుండగా లోపల గోడ పైభాగం ఊడి పడింది, సరిగ్గా బొంత పరిచిన చోట. ఆయన చెప్పిన చప్పుడే. ఎంత చిన్న చప్పుడో!

మామ వాకిట్లో కూలబడి ఏడ్చాడు. "నేనేసిన దండప్పా, నా చేతుల్తో నేనేసిన దండ" అని, అంగడి నుంచి పరిగెత్తుకొచ్చిన మా ఆయన చొక్కా పట్టుకుని ఊపేశాడు. గోడ బాగు చేయించుకున్నాం. ఇంక ఆ పూజ మానేస్తాడనుకున్నాం. మానలేదు. దండ వేసి, హారతి ఇచ్చి, పళ్ళెం చల్లారకముందే దండ తీసి, కాలువంతా చేత్తో తుడిచి దిగేవాడు. "భక్తి ఉండాల, కండ్లు కూడా ఉండాల" అని ఎవరూ అడగకపోయినా చెప్పేవాడు. ఆ తర్వాత వచ్చిన వానలన్నిటిలోనూ మా పాప ఆ గోడ పక్కనే పెరిగింది, ఆ చెయ్యి గోడ మీద ఉన్నందుకే. ఈ మాట ఆయన ఉండగా ఆయనతో అనలేదు. మా ఇళ్ళల్లో మామలతో అలాంటివి అనరు.

నేను మారతహళ్ళి నుంచి వచ్చేసరికి షామియానా వేసి మామను వాకిట్లో పడుకోబెట్టారు. బళేపేట అంగళ్ళవాళ్ళంతా వచ్చారు. ప్రతివాళ్ళూ ఒక చేమంతి దండ తెచ్చారు. ముఖం కూడా కనబడనంతగా దండలు. పాడె ఎత్తేటప్పుడు కొన్ని తీయాల్సి వచ్చింది. పోయినవాళ్ళకు వేసిన పూలు కాళ్ళ కింద పడకూడదని ఎవరో వాటిని చూరు మీదికి వేశారు. ఆ ఏడుపుల్లో ఎవరూ గమనించలేదు. గమనించే మనిషి పాడె మీద ఉన్నాడు.

తర్వాత ఒక మధ్యాహ్నం, మా ఆయనా మగవాళ్ళూ అస్థికలు తీసుకుని శ్రీరంగపట్నం పోయి ఉన్నారు. ఇంట్లో ఆడవాళ్ళం. అన్నాలు తిని, నడిమింట్లో గోడ వారగా చాపలేసుకుని అందరూ నడుం వాల్చారు. మామ చెల్లెలు మా చిన్నత్త, ఆమె కోడళ్ళు, వాళ్ళ నడుమ నా కూతురు. వాన మొదలైంది. పెంకుల మీద ఒకటే మోత. నేను చేటలో బియ్యం ఏరుతున్నాను. ఏదో తక్కువైనట్టు అనిపించింది. ఏమిటా అని చేతులాపి విన్నాను. గొట్టం సద్దు లేదు.

లేచి గోడకు అరచెయ్యి ఆనించాను. చల్లగా ఉంది. గట్టిగా అదిమితే సున్నం కింద మెత్తగా తగిలింది.

"లేవండి! బయటికి రండి, బయటికి!"

ఆ అరుపు నాదేనా అనిపించింది. నా కూతుర్ని రెక్క పట్టుకుని లాగాను. నిద్ర చెడిన చిన్నత్త నా మీద విరుచుకుపడింది. "ఏమే, ఏం పుట్టిండాది నీకు? వానలో యాడికి పోమంటావు?" అయినా నా ముఖం చూసి లేచింది. అందరూ ఎదురింటి అరుగు మీదికి చేరాక నిచ్చెన తెచ్చి చూరుకు ఆనించాను.

"సూతకంలో నిచ్చెనెక్కేదేమే! దిగు!" అని చిన్నత్త అక్కడి నుంచే అరుస్తోంది.

నాకు ఎత్తులంటే భయం. ఆ గోడంటే ఇంకా భయం. కళ్ళు మూసుకోకూడదని నాకు నేనే చెప్పుకుంటూ ఎక్కాను. కాలువ అంచుదాకా నిండి, నీళ్ళు వెనక్కి, గోడ వైపే పొర్లుతున్నాయి. గొట్టం నోట్లో చెయ్యి పెట్టాను. మెత్తటి ముద్ద తగిలింది. గట్టిగా పట్టుకుని లాగితే దారంతో సహా వచ్చింది. మామ దండ.

గొట్టం గుడగుడమంది. మరుక్షణం నీళ్ళు డ్రమ్ములోకి దూకాయి. నీళ్ళతోపాటు, కాలువలో చిక్కుకున్న చేమంతులు ఆ కొస నుంచి బయలుదేరాయి. మామ పెట్టించిన వాటమే అది. ఏ అతుకు దగ్గరా ఆగకుండా, నా వేళ్ళ పక్కనుంచే జారుకుంటూ పోయి ఒక్కొక్కటీ డ్రమ్ములో పడుతున్నాయి. నేను చేతులు జోడించుకుని, చివరి పువ్వు వచ్చేదాకా నిచ్చెన మీదే నిలబడ్డాను.