పీకేసిన తుప్పు మొక్కలు

ఆ వేరుశనగ మడి సంగతి ఇన్నేళ్లలో నన్నెవరూ అడగలేదు. పదవీ విరమణ నాడు శాలువా కప్పారు గానీ అప్పుడూ అడగలేదు. ఇక నేనే చెబుతున్నాను.

తొంభైల చివర్లో అనంతపురం దగ్గర ఒక పరిశోధన క్షేత్రంలో నేను పొలం పని చూసే సహాయకుణ్ణి. తుప్పు తెగులును తట్టుకునే రకాన్నీ తట్టుకోలేని రకాన్నీ నా చేతులతోనే సంకరం చేశాను. మా ఎండకు తుప్పు అంత సులువుగా లేవదు. వరుసల మధ్య జబ్బు మొక్కలు నాటి, సాయంత్రాలు బావినీళ్లు చల్లి తెప్పించాను. రెండో తరంలో కొన్ని మొక్కలు పచ్చగా నిలిచాయి, కొన్నిటి ఆకుల అడుగున ఎర్రటి పొక్కులు లేచాయి. ఆ రెండు రకాల ఆకులూ పంపితే నగరంలోని ప్రయోగశాలలో డీఎన్‌ఏ తీసి పోల్చి చూస్తారు. తట్టుకున్న మొక్కల్లో కనబడి, జబ్బు మొక్కల్లో కనబడని గుర్తు దొరికితే, తుప్పును తట్టుకునే జన్యువు దాని దాపునే ఉన్నట్టు. జబ్బు మొక్కలు లేకపోతే పోలికే లేదు.

ఆకులు కోసే ముందురోజు, వాటిని వాడిపోకుండా పంపడానికి ఐసు కోసం టౌనుకు పోయాను. తిరిగొచ్చేసరికి మడిలో బొక్కలు. పీకిన మొక్కలు గట్టు మీద ఎండి ముడుచుకున్నాయి, మిగిలిన ఆకు మేకలు మేస్తున్నాయి.

"ఎవరు పీకమన్నారమ్మా?" అని కూలికొచ్చినామెను అడిగాను.

"పెద్దసారేన్నా. రేపు పైఆఫీసరు వస్తాండాడంట, తెగులు కనపడితే మర్యాద పోతాదంట. అయినా జబ్బు చెట్టును చేన్లో ఎవురన్నా పెట్టుకుంటారా?"

ఆమె తప్పేమీ లేదు. మా సీమలో కలుపు తీస్తూ జబ్బు చెట్టు కనబడితే పీకి గట్టున వేయడం ఎప్పటినుంచో ఉన్నదే. కానీ క్షేత్రాన్ని నడిపే పెద్దసారు ఈ చదువే చదువుకుని వచ్చినవాడు. వెళ్లి ఆయన్నే అడిగాను.

"ఏమప్పా, అయిపోయిందానికి ఎందుకంత రాద్ధాంతం? ఉన్న ఆకులు పంపు, పోయి టీ తాగు" అన్నాడు.

పైఆఫీసరు కారు దిగనేలేదు. అద్దం దించి "పైరు బాగుందే" అని వెళ్లిపోయాడు.

అన్నీ పచ్చని మొక్కలే, వీటిని దేనితో పోల్చాలని ప్రయోగశాల వాళ్లు అడిగారు. క్షేత్ర సహాయకుడి అజాగ్రత్త అని పెద్దసారు జవాబిచ్చాడు. నన్ను మామిడి తోటకు మార్చాడు. ఆ సంకరాన్ని మళ్లీ ఎవరూ వేయలేదు.

ఇప్పుడు పొద్దున నడకలో ఎదురైతే రోడ్డు దాటి పోతాడు. దాటనీ, ఊరు పెద్దదేమీ కాదు. సారూ, ఆ మొక్కలు పీకమన్నది నువ్వా, నేనా? అజాగ్రత్త ఎవరిది? నలుగురి ముందు నీ నోటితో చెప్పు.