చార్జర్ లేని సెట్టు, మూత లేని డబ్బా

2011వ సంవత్సరం. మహబూబాబాద్ స్టేషన్ రోడ్డులో నాకు సెల్‌ఫోన్ల దుకాణం. ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు డిపోల్లోనే నిలిచిపోయాయి. భూపాలపల్లి వైపు గనుల్లో బొగ్గు తీయడం ఆగింది కాబట్టి కరెంటు కోతలు పెరిగాయి. కరెంటు వచ్చిన కాసేపు ఊరంతా ప్లగ్గుల చుట్టూ మూగేది. కొత్త సరుకుతో రావలసిన వ్యాను హన్మకొండ దాటి రావడం లేదు.

ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు కొత్త ఫోన్ల డబ్బాల్లో చార్జర్ ఉండటం లేదు. అందరి ఇళ్లలో ఉన్నదే కదా, మళ్లీ ఎందుకు అని కంపెనీల వాదన. అది సబబేనా అని గిరాకీలు నన్ను అడుగుతుంటారు. నాకు వెంటనే హరియా గుర్తుకొస్తాడు. అతని సంగతి చెప్పడమే నా జవాబు.

ముందు నా సంగతి కొంత చెప్పాలి. మాది జనగామ దగ్గర గడి, అంటే కోటలాంటి దొరల ఇల్లు, ఉన్న కుటుంబం. భూములు మా తాత కాలంలోనే పోయాయి. పోవలసినవే పోయాయి అనేవాళ్లతో నేను వాదించను. గడి నా కాలంలో పోయింది. ఎరిగినవాళ్ల ముందు కౌంటరు వెనక నిలబడటం ఇష్టం లేక, జనగామ వదిలి మహబూబాబాద్ వచ్చాను. దొర అనే పిలుపు నాకంటే ముందే ఇక్కడికి చేరింది. నా పేరు పక్కన ఆ మాట నేను ఎన్నడూ పెట్టుకోలేదు. ఎవరైనా పిలిస్తే దిద్దనూ లేదు.

మా రోడ్డులో అప్పట్లో ఒక అలవాటు ఉండేది. సీలు డబ్బా విప్పి, చార్జరూ ఇయర్‌ఫోనూ బయటికి తీసి, ధర కొంత తగ్గించి ఫోన్ మాత్రం ఇచ్చేవారు. దాన్ని ఖాళీ సెట్టు అనేవారు. తీసిన చార్జర్ ఇంకొకరికి విడిగా అమ్మేవారు. తండాల నుంచి వచ్చే గిరాకీకి ఖాళీ సెట్టంటే ఇష్టం. అప్పటిదాకా వచ్చిన ఫోన్లలో ఎక్కువ వాటికి ఒకటే సన్న పిన్ను. ఏ ఇంటికి పోయినా గోడకు అలాంటి చార్జర్ ఒకటి వేలాడుతూ ఉండేది.

నేను మాత్రం డబ్బా విప్పి అమ్మలేదు. మా నానమ్మ ఇంట్లో సామాను ఒక్కొక్కటిగా అమ్ముకునే రోజుల్లో తాంబూలం పెట్టుకునే వెండి పాన్‌దాన్ కొనడానికి ఒక వ్యాపారి వచ్చాడు. వెండి పెట్టె చాలు, దానితోపాటు ఉన్న ఇనుప అడకత్తెర వద్దన్నాడు. నానమ్మ పెట్టెను కొంగుతో తుడిచి మళ్లీ లోపల పెట్టింది. "జత ఇడిపి అమ్మేటంత గతి ఇంక రాలే" అంది. ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలగలేదని నాకు తెలుసు. అయినా ఆ మాటే నాకు దుకాణం నియమం అయింది.

హరియా కేసముద్రం మార్కెట్ యార్డులో హమాలీ. ఊరు ఆ పక్కనే ఒక తండా. అతని కూతురు అనితకు థలసీమియా, అంటే ఒంట్లో రక్తం సరిగ్గా తయారుకాని జబ్బు. నెల తిరగకముందే వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకెళ్లి రక్తం ఎక్కించాలి. ఆ బిడ్డది ఓ నెగెటివ్, దొరకడం కష్టమైన గ్రూపు. అంతకుముందు రెండుసార్లు ఇచ్చింది భూపాలపల్లి గనిలో పనిచేసే ఓదెలు. హరియాకు ఫోను అంటే ముందు ఆ మనిషితో మాట్లాడే దారి.

పాత ఫోన్ పాడై హరియా నా దగ్గరికి వచ్చాడు. అప్పుడే వచ్చిన తక్కువ ధర టచ్ ఫోన్ చూసి అడిగాడు.

"చార్జర్ తీసెయ్ దొరా, సెట్టు ఇయ్యి సాలు. ఇంట్ల మూడు చార్జర్లు యాలాడుతున్నయ్. నాలుగోది ఏం జేసుకోను, మెడల ఏసుకోనా?"

"అవి సన్న పిన్నువి హరియా. దీనిది మైక్రో పిన్ను, బల్లపరుపుగ ఉంటది. అవి దీంట్ల దూరవు."

"దుకాణపోళ్లందరు గిదే అంటరు."

"నేను డబ్బ ఇప్పి అమ్మను."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "భూములు పోయినయ్ గని దొరకు నడుం ఒంగలే" అని, రోడ్డు దాటి ఎదురుగా ఉన్న సత్తయ్య దుకాణానికి వెళ్లాడు. సత్తయ్య అదే మోడల్ డబ్బా విప్పడం, హరియా ఫోన్ జేబులో వేసుకుని వెళ్లడం నా కౌంటరు నుంచి కనిపించింది.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం హరియా మళ్లీ వచ్చాడు. భుజం మీద అనిత ఉంది. ఆ పిల్ల పెదవులు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. కుర్చీ వేస్తే అందులో కూడా నిటారుగా కూర్చోలేక తండ్రికి ఆనుకుంది.

"ఫోన్ లేస్తలేదు దొరా."

వెనక మూత తీసి చూశాను. బ్యాటరీ పూరీలా ఉబ్బింది. ఇంట్లోని పిన్ను దూరక, అతను బజారులో దొరికే క్లిప్ చార్జర్ కొన్నాడు. బ్యాటరీ బయటికి తీసి రెండు పళ్ల మధ్య బిగించే చవక వస్తువు అది. ఎంత ఎక్కిందో, ఎక్కడ ఆపాలో దానికి తెలియదు. కరెంటు వచ్చినప్పుడల్లా ఎక్కనిచ్చాడు. బ్యాటరీ పాడైంది.

"సిమ్ము తీసి నా ఫోన్‌ల ఏస్త. ఓదెలుకు మాట్లాడు."

సిమ్ము మార్చాను. అందులో ఓదెలు పాత నంబరు ఒక్కటే ఉంది. అది స్విచాఫ్.

"గది కాదు. సమ్మె టెంటుకాడ ఆయన ఫోన్ పోయింది. మొన్న కొత్త నంబర్‌కెల్లి చేసిండు. గీ సెట్టుల్నే ఎక్కించుకున్న."

నాకు అర్థమైంది. కొత్త ఫోన్లలో నంబరు దాచుకుంటే అది సిమ్ములోకి పోదు, ఫోన్ మెమరీలో కూర్చుంటుంది. ఫోన్ లేవకపోతే ఆ నంబరు లేదు.

"ఆయన నీ ఫోన్ కోసం చూస్తున్నడా?"

"నేను చెప్తెనే బయలెల్లుతడు. బస్సుల్లేవు, బండి అడుక్కోవాలె. డాక్టరేమో మనిషిని తోలుకొనే రా, ఈడ ఆ గ్రూపు లేదన్నడు. రేపటిసంది రైళ్లు గుడ బందంటున్నరు దొరా." ఆ మాట అంటూ కూతురి తల నిమిరాడు. "గీ సాయంత్రం బండి పోతె పొల్లను ఏ దారిన కొంచవోవాలె?"

రోడ్డు దాటి సత్తయ్య దగ్గరికి వెళ్లాను. అంతవరకు నేను అతని దుకాణం మెట్టు ఎక్కలేదు.

"సత్తయ్యా, హరియా డబ్బలది చార్జర్ ఏది?"

"గది అప్పుడే అమ్ముడువాయె. ఏమైంది?"

చెప్పాను. అతను నా వెనక దూరంగా కనిపిస్తున్న పిల్లను చూశాడు. తర్వాత గొంతు కొంచెం గట్టిపడింది.

"గిరాకి వద్దన్నది నేను అంటగట్టాల్నా దొరా? వద్దన్నడు, తీసిన. తప్పేంది?"

"ఇంట్లది పడుతదనుకొని వద్దన్నడు."

"పడదని నువ్వు చెప్పలేదా?"

"చెప్పిన."

"ఇన్నడా మరి?"

మైక్రో పిన్ను చార్జర్లు విడిగా ఏ దుకాణంలోనూ లేవు. వ్యాను వస్తేనే. ఊళ్లో అమ్మకానికి మిగిలిన అలాంటి చార్జర్ ఒకే ఒకటి; నా అల్మారాలో అదే మోడల్ సీలు డబ్బాలో ఉంది. దానికి సరిపోయే బ్యాటరీ కూడా అందులోనే ఉంది.

తిరిగి వచ్చి డబ్బా కౌంటరు మీద పెట్టాను. సీలు మీద బ్లేడు ఆనించాక నా చెయ్యి ఆగింది. హరియా ఆ చేతినే చూస్తున్నాడు. సీలు కోశాను.

సత్తయ్య నా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "దొర డబ్బ ఇప్పిండని ఊళ్లె డప్పు కొట్టియ్యాల్నా?" అన్నాడు. నవ్వబోయి, పిల్లను దగ్గరగా చూసి లోపలికి వచ్చాడు.

కొత్త బ్యాటరీ వేసి బటన్ నొక్కితే తెర వెలగలేదు. నెలల తరబడి డబ్బాలో ఉండి అది పూర్తిగా దిగిపోయింది. నా దుకాణంలో కరెంటు లేదు. ఇన్వర్టర్ పొద్దునే ఆగిపోయింది. రోడ్డంతా అంతే.

"స్టేషన్‌కు ఏరే లైను ఉంటది. నడువుండ్రి" అన్నాడు సత్తయ్య.

ప్లాట్‌ఫారం మీద టీ కొట్టులో ఒక ప్లగ్గు ఉంది. అందులో ఫ్రిజ్ వైరు ఉంది. కొట్టు యజమాని అడ్డంగా తలూపాడు.

"ఫ్రిజ్ తీస్తె పాలు ఇరుగుతయ్ సత్తన్న."

"పాలకు నాది పూచీ" అన్నాను. నేను అడిగిన తీరు అభ్యర్థనలా లేదని నాకే తెలిసింది. సత్తయ్య అతని భుజం మీద చెయ్యేసి, "జర సూడు, పొల్లను సూడు" అన్నాడు. ఫ్రిజ్ వైరు బయటికి వచ్చింది.

చార్జర్ గుచ్చాను. తెర నల్లగానే ఉంది. పూర్తిగా దిగిన బ్యాటరీకి ప్రాణం రావడానికి కాసేపు పడుతుందని వందలమంది గిరాకీలకు ఓపికగా చెప్పినవాణ్ణి. ఆ రోజు నాకు ఓపిక లేదు. వరంగల్ వైపు ప్యాసింజర్ వస్తోందని మైకులో చెప్పారు. హరియా ఒకసారి పట్టాల వైపు, ఒకసారి తెర వైపు చూస్తున్నాడు.

"నాయినా, దప్పికైతుంది" అంది అనిత. కొట్టు యజమాని అడగకుండానే నీళ్ల గ్లాసు అందించాడు.

తెర మీద ఎర్రటి గీత ఒకటి కనిపించింది. బటన్ నొక్కాను. వెలిగి ఆరిపోయింది. మళ్లీ నొక్కకుండా చేతులు వెనక్కి కట్టుకున్నాను. తొందరపడితే ఎక్కిన కాస్తా దిగుతుంది. రైలు కూత వినిపించాక మూడోసారి నొక్కాను. ఈసారి నిలిచింది. హరియా వేలితో జరిపి జరిపి ఓదెలు పేరు చూపించాడు. చదివి, నా ఫోన్‌లో కొట్టి, స్పీకర్ పెట్టాను. మొదటిసారి మోగి మోగి ఆగిపోయింది. రెండోసారి ఎత్తారు.

"హలో?"

"ఓదెలన్నా, నేను మానుకోట హరియాను."

మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం. అవతల ఒక నిట్టూర్పు.

"నిన్నటిసంది నీ ఫోన్ కలుస్తలేదు. రక్తం ఆడనే దొరికిందేమో అనుకున్న."

"దొరకలే అన్న. పొల్ల సోలిపోతున్నది. రేపు రైళ్లు బందంట."

"తెలుసు. బందు వెట్టేటోళ్లల్ల మేం గుడ ఉన్నం గద." వెనక నినాదాలు వినిపిస్తున్నాయి. అతను కొంచెం పక్కకు జరిగినట్టున్నాడు. "బొగ్గు బందు వెట్టినం గని నెత్తురు బందు వెట్టలే. బండి అడుగుత. దవాఖాన గేటుకాడ ఉంట. నువ్వు రైలెక్కు."

రైలు ఆగింది. నేను డబ్బా మూత చింపి, లోపలి తెల్లవైపు ఓదెలు నంబరు పెద్దగా రాశాను. "ఫోన్ మళ్లీ ఆగితే, ఎవరి ఫోన్ అయినా అడిగి దీనికి చెయ్యి" అని హరియా జేబులో పెట్టాను. సిమ్ము తిరిగి అతని సెట్టులో వేశాను. ప్లగ్గు నుంచి తీసిన చార్జర్ కూడా ఇచ్చాను. అతను కూతురిని ఎత్తుకుని ఎక్కాడు. వెనక్కి తిరిగి చూడలేదు. చూడాలని నేనూ అనుకోలేదు.

తర్వాత రైళ్లు ఆగాయి. హరియా ఫోన్‌కు చేస్తే అందుబాటులో లేదు అనే వచ్చేది. సత్తయ్య రోజూ పొద్దున షట్టర్ ఎత్తగానే రోడ్డు దాటి వచ్చేవాడు. "ఏమన్న తెలిసిందా?" నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి. తిరిగి తన దుకాణానికి వెళ్లేవాడు. ఆ రోజుల్లో అతను ఖాళీ సెట్టు ఒక్కటి కూడా అమ్మడం నేను చూడలేదు.

రైళ్లు మళ్లీ కదిలాక ఒక పొద్దున హరియా దుకాణం ముందు కనిపించాడు. అనిత తన కాళ్ల మీద తానే నడిచి వచ్చింది. నేరుగా నా కౌంటరు ఎక్కి కూర్చుని, అద్దం కింద ఉన్న ఫోన్లన్నీ చూపిస్తూ ఏది ఎంత అని అడిగింది.

"ఓదెలన్న మాకంటె ముందుగాల్నే వచ్చి గేటుకాడ కూసున్నడు" అన్నాడు హరియా. సంచిలోంచి చార్జర్, బ్యాటరీ తీసి నా ముందు పెట్టాడు. చార్జర్ వైరు డబ్బాలో ఎలా చుట్టి వస్తుందో అలాగే చుట్టి ఉంది. వరంగల్‌లో తన సెట్టుకు సరిపోయే చార్జర్, బ్యాటరీ వేరే తీసుకున్నాడట.

"నీ డబ్బ నింపుకో దొరా. మాకు గుడ నడుం ఒంగదు."

నేను రెండూ తీసుకున్నాను. వద్దనడం అతన్ని తక్కువ చేయడం అవుతుందని నాకు తెలుసు. ఆ సంగతి తెలిసిన ఇంట్లోనే పుట్టాను.

"మూత?" అన్నాను.

"గది ఇయ్య. గోడకు కొట్టిన."

పాత చార్జర్లు వేలాడే మేకులకే దాన్నీ తగిలించాడట. ఆ డబ్బాను నేను అమ్మలేదు. మూత లేకుండా ఇప్పటికీ నా అల్మారాలో ఉంది.

చార్జర్ డబ్బాలోనే రావాలా అంటే, రావాలనే అంటాను. ఇళ్లలో పనికిరాని చార్జర్లు కుప్ప పడుతున్నాయనే మాట అబద్ధం కాదు. హరియా ఇంటి గోడ తర్వాత నేనే చూశాను. కానీ ఇంట్లో చార్జర్ ఉంది అనే మాటకు, ఉన్నది దీనికి పనికొస్తుంది అనే అర్థం లేదు. ఆ తేడా దుకాణంలో తెలియదు. అవసరం వచ్చిన రోజు తెలుస్తుంది. చెప్పానని నేను చేతులు దులుపుకున్నాను, అడిగింది ఇచ్చానని సత్తయ్య దులుపుకున్నాడు. ఆ మధ్యలో ఒక పిల్ల పెదవులు తెల్లబడ్డాయి.

డబ్బాల్లో ఏం పెట్టాలో నా చేతిలో లేదు. నా కౌంటరు మాత్రం నా చేతిలో ఉంది. చార్జర్ లేని ఫోన్ కొనడానికి ఎవరు వచ్చినా, ఇంటి చార్జర్ పట్టుకురమ్మంటాను. తెచ్చి, నా ముందు గుచ్చి, తెర మీద చార్జింగ్ గుర్తు కనిపించాకే ఫోన్ చేతికిస్తాను. కొందరు విసుక్కుని ఎదురు దుకాణానికి పోతారు.

సత్తయ్య వాళ్లను తిరిగి నా దగ్గరికే పంపిస్తాడు. "ముందుగాల ఇంటికి వోయి చార్జర్ పట్కరాపోండ్రి. దొర చెప్పినట్టు ఇనుండ్రి" అని.