ఎడమ చెంప మీద పుట్టుమచ్చ

"మచ్చ ఎక్కడమ్మా?" అని యూనివర్సిటీ ఆఫీసులో మేడం రెండోసారి అడిగేసరికి నా చెయ్యి దానంతటదే ఎడమ చెంప మీదికి పోయింది. అక్కడ చెమట తప్ప ఏమీ లేదు. బల్ల మీద నా టెన్త్ సర్టిఫికెట్టు, దాని పక్కన రెండు జడలు, రెండు రిబ్బన్లతో నవ్వుతున్న నా ఇంటర్ హాల్‌టికెట్టు ఫోటో. బల్లకు ఇవతల నేను, నున్నటి గుండుతో, గుండు నిండా గంధంతో. నా వెనక సర్టిఫికెట్లు చూపించడానికి వచ్చిన వాళ్ల వరస. ఆ వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పక్కనే నిలబడిన మా అవ్వకు కూడా అది వినపడింది గానీ, పాపం ఎవరికో జలుబు చేసింది అనుకుంది.

ఆ రోజుల్లో (మరీ పాతకాలమేం కాదు, ఏడెనిమిదేళ్లు అయ్యుంటాయి) మార్కులు వస్తే సీటు వచ్చేస్తుందని నమ్మేదాన్ని. ఇప్పుడు తిరుపతిలో ఒక జిరాక్స్ షాపులో కూర్చుని పిల్లలకు దరఖాస్తులు నింపిపెడుతున్నాను గనక నాకు బాగా తెలుసు, సీటు మనకు రాదు, మన కాగితాలకు వస్తుంది. టెన్త్ మార్కుల లిస్టు, ఇంటర్ మార్కుల లిస్టు, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం, ఆధార్, ఫోటోలు, అన్నిటికీ మూడేసి జిరాక్సులు. వాటిని మోసుకొచ్చే మనిషిగా మాత్రమే మనం లోపలికి పోతాం. షాపుకొచ్చే పిల్లలు "అక్కా, ఇంకేమైనా మర్చిపోయినామా?" అని అడిగితే, నేను ముందు టెన్త్ సర్టిఫికెట్టు అడుగున ఉండే పుట్టుమచ్చల గడి చదివి, తర్వాత వాళ్ల మొహం చూస్తాను. ఎందుకు చూస్తానో వాళ్లకు తెలియదు.

మాది తడ దగ్గర ఒక పల్లె. అమ్మా నాయనా ఇద్దరూ శ్రీ సిటీ ఫ్యాక్టరీల్లో షిఫ్టులకు పోతారు కాబట్టి నన్ను పెంచింది, తిట్టింది, జడలు వేసింది అంతా అవ్వే. ఆమెకు దిష్టి అంటే ఎంత భయమో చెప్పలేను. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరితే మిద్దె ఎక్కి చూసి, "ఇంతమంది చూస్తా ఉండారు, దానికి ఒక చుక్క పెట్టి పంపకూడదా?" అనేది. రాకెట్టు చేతికి అందదు కాబట్టి ఆ చుక్క నాకు పెట్టేది. రోజూ పొద్దున ఎడమ చెంప మీద, కాటుకతో, మిరియపు గింజంత. నేను బస్టాండు దాకా దాన్ని మోసి, అక్కడ తుడిచేసేదాన్ని.

టెన్త్‌లో ఒక్క రోజు తుడవడం మర్చిపోయాను. సరిగ్గా ఆ రోజే మా సారు సర్టిఫికెట్లో పడాల్సిన వివరాలు రాసుకోవడానికి మమ్మల్నందరినీ వరండాలో నిలబెట్టాడు. ఒక్కొక్కరికి రెండు పుట్టుమచ్చలు కావాలట. నాకు చేతుల మీదా, మెడ మీదా ఎక్కడా లేవు. నా పక్కనున్న అమ్మాయి జాలిపడి, "నాకు పదకొండుండాయి సార్, దీనికి రెండు రాసెయ్యండి" అంది. సారు కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయి వచ్చినట్టున్నాడు, నా మొహం దగ్గరికి వంగి చూసి, "చెంప మింద ఇంత పెద్దది పెట్టుకొని లేదంటావేందిమే?" అని రాసేశాడు. అది మచ్చ కాదు సార్ అని చెబుదామని నోరు తెరిచాను. "కొట్టివేతలు ఉండకూడదు, ఎవరూ నోరు తెరవద్దండి" అన్నాడు. మూసుకున్నాను. రెండోది ఎక్కడ అంటే నేను బిక్కమొహం వేశాను. అప్పుడే అన్నం క్యారియరు ఇవ్వడానికి వచ్చిన అవ్వ, కిటికీలోంచి తల దూర్చి, "గుండు మింద ఉండాది సార్! పుట్టెంటికలు తీసినప్పుడు నేను చూసినా" అని అరిచింది. సారు అదీ రాసేశాడు. తల మీద అట! సారు నన్ను తొందరగా వదిలిపెట్టాలని అవ్వే ఒకటి కల్పించి చెప్పిందనుకున్నాను. మొదటి మచ్చ ఆమె చేతి వేలితో పుట్టిందే కదా, రెండోది నోటితో పుట్టింది, అంతే తేడా.

ఇంటర్ పాసై, యూనివర్సిటీలో సీటుకు పేరు వచ్చింది. సర్టిఫికెట్లు చూపించే రోజు సాయంత్రం నాలుగు లోపల సంతకం పడాలి, లేకపోతే సీటు తర్వాతి వాళ్లకు పోతుంది. సీటు పోతే నేనేం చెయ్యాలో కూడా తేలిపోయి ఉంది. నాయన అప్పటికే సూపర్‌వైజరుతో మాట్లాడి పెట్టాడు, "సోమవారం నుంచి నాతో బస్సెక్కేయి పాపా, ఆడ ఏసీ ఉంటాది" అని. నాకు ఏసీ వద్దు. క్లాసులో కిటికీ పక్కన కూర్చోవాలి, అదీ నా కోరిక.

ఒక రోజు ముందే అవ్వా నేనూ తిరుపతి చేరాం. నేను ఎకనామిక్స్ పాసైతే నా తల నీలాలు ఇస్తానని అవ్వ మొక్కుకుందట. (నా తల, ఆమె మొక్కు.) "సీటు పనైనాక ఇంకోసారి వస్తాంలే అవ్వా" అన్నాను. "తిరుపతికి వచ్చి, మొక్కు అట్లనే పెట్టుకొని, కొండ కింద నుంచే పోతే ఆయన సూడడా? ఒక్క బస్సు, రెండు పనులు" అంది. కొండెక్కాం. అరగంటలో నా రెండు జడలూ వెళ్లిపోయాయి. మర్నాడు పొద్దున సత్రంలో అద్దం ముందు నిలబడితే నాకు నేనే కొత్తగా పరిచయమైనట్టుంది. వెనక నుంచి అవ్వ కాటుక డబ్బీతో వచ్చింది. "గుండుకు దిష్టి ఇంకా ఎక్కువమే, రా." నేను ఎగిరి అవతలికి దూకాను. "యూనివర్సిటీకి పోతా ఉండాము అవ్వా! ఉయ్యాల్లో బిడ్డను కాదు నేను!" ఆమె డబ్బీ మూత బిగించి సంచిలో వేసుకుంది. అవ్వ అంత తేలిగ్గా వదిలెయ్యడం మంచి శకునం కాదని నాకు అప్పుడే తట్టాల్సింది.

ఇక మేడం సంగతి. ఆమె ఫోటో చూసింది, నన్ను చూసింది, మళ్లీ ఫోటో చూసింది. "నిన్ననే ఒకామె వాళ్ల అక్క బదులు వచ్చి కూర్చునింది. మాకు మాట వచ్చింది" అంది. ఆధార్ ఇచ్చాను. అది అయిదో తరగతిలో తీసిన ఫోటో, అందులో నేను మా ఊరి పిల్లల్లో ఎవరైనా అయ్యుండొచ్చు. వేలిముద్ర మిషను పని చెయ్యడం లేదట. అందుకే మేడం పుట్టుమచ్చల దగ్గరికి వచ్చింది.

"ఒక్క నిమిషం తాళండి మేడం, బిడ్డకు నీళ్లు తాపించుకొని వస్తా" అని అవ్వ నన్ను కొళాయి దగ్గరికి లాక్కుపోయింది. "పొద్దున పెడతా అంటే ఎగిరి పడితివి. ఇప్పుడు సూడు, ఒక్క చుక్క కాడ సీటు నిలిచిపోయిండాది!" అంటూ డబ్బీ తీసింది. ఈసారి నేనే చెంప ముందుకు చాపాను. మళ్లీ బల్ల ముందుకు వచ్చేసరికి మేడం కనుబొమలు పైకి లేచాయి. "ఇందాక లేదే?"

"చెమటకు కనపడలేదు మేడం" అన్నాను. (జీవితంలో నేను చెప్పిన అబద్ధాల్లో ఇంత తెలివి తక్కువది ఇంకోటి లేదు.)

మేడం చెయ్యి చాపి, చూపుడు వేలితో నా చెంప మీద ఒక్క గీత గీసింది. మచ్చ చెవి దాకా సాగింది. వేలు తిప్పి చూసుకుంది, నల్లగా ఉంది. ఈసారి వరసలో అందరూ బాహాటంగానే నవ్వారు. మేడం మాత్రం నవ్వలేదు. "టెన్త్ సర్టిఫికెట్టు కూడా ఇట్లనే తయారు చేసుకున్నావా అమ్మా?" అంది. గోడ మీద గడియారం మూడూ ఇరవై చూపిస్తోంది. నా కళ్ల ముందు సోమవారం పొద్దున బస్సు వచ్చి ఆగింది. ఇంక దాచడానికి ఏముంది, ఒక్క గుక్కలో అంతా చెప్పేశాను. చుక్క, వరండా, సారు కళ్లద్దాలు, పదకొండు మచ్చల అమ్మాయి, ఎకనామిక్స్, మొక్కు, అన్నీ. ఏడుస్తూ చెప్పాను కాబట్టి సగం ఆమెకు అర్థమై ఉండదు.

మేడం సర్టిఫికెట్టు మళ్లీ తీసుకుంది. "రెండోది తల మీద అని రాసిండారు. ఇదీ కాటుకేనా?"

"అది కాటుక కాదు మేడం!" అని అవ్వ ముందుకు వచ్చింది. "అది దేవుడు పెట్టింది. నేను పెట్టలా."

"అవ్వా, ఊరుకో" అన్నాను గుసగుసగా. ఆమె కల్పించిందేనని నాకు గట్టి నమ్మకం. ఇప్పుడు అదీ బయటపడితే సీటు పోవడమే కాదు, పోలీసులొస్తారనుకున్నాను. కానీ ఆమె అప్పటికే నా తల వంచేసి, బాటిల్లో నీళ్లు కొంగు మీద పోసుకుని గంధం రుద్దడం మొదలుపెట్టింది. తోమింది అంటే సరిగ్గా ఉంటుంది, పండక్కి ఇత్తడి బిందె తోమినట్టు. గంధం నీళ్లు నా ముక్కు మీదుగా నా ఆదాయం సర్టిఫికెట్టు మీద చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. అవ్వ రుద్దుడు ఆగింది. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను.

"ఈడ... ఈడనే ఉండాల్నే..." అంది అవ్వ. ఆమె వేళ్లు నా గుండంతా వెతుక్కుంటూ తిరిగాయి.

మేడం కుర్చీలోంచి లేచిన చప్పుడైంది. వరసంతా నా చుట్టూ చేరింది. అప్పుడు ఎవరో అమ్మాయి నా కుడి చెవి వెనక, గుండు మీదికి వంగి, "ఉండాది మేడం! ఈడ! కందిగింజంత!" అని అరిచింది. మేడం వేలితో రుద్దింది. ఇంకోసారి రుద్దింది. వేలు చూసుకుంది. తెల్లగానే ఉంది. ఆ గదిలో ఉన్న వాళ్లంతా నా మచ్చను చూశారు, నేను తప్ప. చివరికి ఆ అమ్మాయే ఫోన్‌లో ఫోటో తీసి నాకు చూపించింది. పదిహేడేళ్లు నాతోనే తిరిగిన దాన్ని మొదటిసారి చూసి, అదీ తుడిచినట్టు మసకబడేసరికి మళ్లీ కళ్లు తుడుచుకున్నాను.

"మొక్కు తీర్చకపోయింటే ఇది ఎవరికి కనపడేది మేడం?" అంది అవ్వ, కొంగు పిండుకుంటూ. మొక్కు తీర్చకపోయి ఉంటే అసలు ఈ గొడవే వచ్చేది కాదని చెప్పే ధైర్యం ఆ గదిలో ఎవరికీ లేకపోయింది. మేడం సంతకం పెట్టింది. కాగితాలు నా చేతికి ఇస్తూ అప్పుడు నవ్వింది. "రేపు పొద్దున ఐడీ కార్డుకు ఫోటో తీస్తారు, రా. మూడేళ్లూ ఇదే మొహంతో తిరగాల, కొంచెం చూసుకొని రామ్మా."

మర్నాడు పొద్దున సత్రంలో స్నానం చేసి, సంచిలోంచి కాటుక డబ్బీ నేనే తీసి, మంచం మీద కూర్చున్న అవ్వ ముందు నేల మీద కూర్చున్నాను. "పెట్టవ్వా" అని ఎడమ చెంప తిప్పాను. ఆమె నా గడ్డం పట్టుకుని మొహాన్ని అటు నుంచి ఇటు తిప్పింది. "ఆ చెంప వద్దు. నిన్న ఆయమ్మ తుడిచేసింది కదా, అది మనకు కలిసి రాలా" అని కుడి చెంప మీద మిరియపు గింజంత చుక్క పెట్టింది. సర్టిఫికెట్లో ఎడమ అని ఉంది. ఆ మాట నోటి దాకా వచ్చింది. మింగేసి, దారిలో ఎక్కడా తుడుచుకోకుండా పోయి, కెమెరా ముందు కూర్చున్నాను.