మగ్గం గది మిద్దె మీద యాంటెన్నా

నా చిన్నప్పుడు ధర్మవరంలో మా వీధికి మొదటి టీవీ వచ్చింది మా ఇంటికే. ఆ గొప్ప అందరికీ కనబడాలని మా నాయన అంగట్లో అన్నిటికంటే ఎక్కువ పుల్లలున్న యాంటెన్నా ఎంచి తెచ్చి, మెట్లగది పైన పొడవాటి ఇనుప గొట్టానికి బిగించాడు. అంత ఎత్తున పెట్టినా తెర మీద చీమలు పారినట్టే ఉండేది.

ఆ రోజుల్లోనే టీవీ వాళ్ళు వచ్చి మా మేనత్త పట్టుచీర నేస్తుంటే చిత్రీకరించుకొని పోయారు. ఆడమనిషి మగ్గం గుంతలో కూర్చోవడమేమిటని ఒకప్పుడు నవ్విన వీధి, అది టీవీలో వచ్చే సాయంత్రం ఆమెను చూడ్డానికి మా నడవంతా నిండిపోయింది. తెర మీద మాత్రం చీమలే. నాయన పైకెక్కి ఎటు తిప్పినా లాభం లేకపోయింది.

మా అత్త బయటికొచ్చి, "అన్నా, ఆడ కరెంటు తీగలుండాయి, వాటికే బొమ్మ చెడతాండాది. దించి వేరే తావున చూడు. మనకు కావాల్సింది బొమ్మ కదా, ఎత్తు కాదు" అంది.

నాయన ఒక్క క్షణం ఆ గొట్టం వైపు చూసి, యాంటెన్నా ఊడదీశాడు. దాన్ని భుజాన పెట్టుకొని మిద్దెలన్నీ తిరిగాడు. నేను కిటికీలోంచి "పోయె, వచ్చె" అని అరుస్తూనే ఉన్నాను. చివరికి వెనకవైపు మగ్గం గది మీద, అన్నిటికంటే తక్కువ ఎత్తులో, టీవీ టవరున్న అనంతపురం దిక్కుకు తిప్పి పట్టుకుంటే బొమ్మ తేటపడింది. చెయ్యి వదిలితే మళ్ళీ చీమలు. కట్టడానికి వ్యవధి లేదు, కార్యక్రమం మొదలైంది. తాను పట్టుకుంటానని అత్త లేవబోయింది.

"నువ్వు కూర్చోమ్మా! నేనుండా ఈడ" అని నాయన పైనుంచి కేకేశాడు.

అత్త తెర మీదికొచ్చింది. పడుగు దారాల మధ్య నాడె విసురుతూ, తల వంచుకొని, చిన్నగా నవ్వుతూ. మిద్దె మీంచి నాయన కేక వినబడింది.

"కనపడతాండావామ్మా?"

"కనపడతాండా అన్నా!" అంది అత్త.

తుప్పు అంటిన చేతులతో దిగొచ్చి, నాయన ఒక్కొక్కరినీ అడిగాడు, మా చెల్లెలు ఎట్లుండాది అని. తాను చూడని ఆ బొమ్మను తరవాత చాలా ఏళ్ళు కళ్ళారా చూసినట్టే ఊరందరికీ చెప్పుకున్నాడు.

ఇప్పటికీ మావాళ్ళలో ఎవరికి ఏ మేలు జరిగినా ముందు వరసలో చోటు కోసం నేను వెతకను. ఆ సంతోషం వాళ్ళకు తేటగా కనబడుతోందా లేదా అన్నదే చూసుకుంటాను.