పక్క సీటామె అడిగిన ప్రశ్నలు

మిర్యాలగూడ నుంచి కోదాడ వెళ్లే బస్సులో నా సీసా ఖాళీ చేసి, పక్క సీటామె సీసా కూడా అడిగి తాగేశాను. యాభై ఏళ్లుంటాయి ఆమెకు. నన్ను తేరిపార చూసి, “ఎన్నేండ్లు బిడ్డా నీకు?” అంది.

“ఇరవై మూడమ్మా.”

“ఏం పని చేస్తున్నవ్?”

సంబంధం చూస్తోందనుకుని నిటారుగా కూర్చున్నాను. సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగమనీ, చెడు అలవాట్లేమీ లేవనీ చెప్పాను. ఏ కసరత్తూ చేయకుండానే రెండు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గానని గొప్పగా బెల్టు కూడా చూపించాను.

ఆమె ముఖం మారింది. “ఒంటికి పోను రాత్రి ఎన్నిసార్లు లేస్తవ్?”

పెళ్లిచూపుల్లో ఇదేం ప్రశ్న? “ఐదారుసార్లు,” అన్నాను సిగ్గుపడుతూ.

“మా తమ్మునికి గిట్లనే మొదలైంది. షుగరని తెలిసేసరికి సోయి తప్పిండు. ఇంటికి పోకు, సీదా దవాఖానకు పో.”

“గీ వయసుల షుగరేందమ్మా?”

“దానికి నీ వయసు తెల్వది బిడ్డా.”

కోదాడలో నన్ను ఆటో ఎక్కించాకే ఆమె తన ఊరి బస్సెక్కింది.

రక్తపరీక్ష చూసిన డాక్టరు వెంటనే ఇన్సులిన్ మొదలుపెట్టాడు. “ఇంకో రెండు రోజులైతే ప్రాణం మీదికొచ్చేది. ఎవరు చెప్పారు మీకు?” అన్నాడు.

ఆమె పేరైనా అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. దారంతా నా గొప్పలే చెప్పుకున్నాను.