కూర్మమ్మ పీచ్ పానకం

మలేసియాలోని క్లాంగ్ పట్నంలో సూపర్‌మార్కెట్‌కు వెళ్లినప్పుడల్లా కూర్మమ్మ పీచ్ పండ్ల దగ్గర ఆగిపోతుంది. చైనావి, ఆస్ట్రేలియావి, ఒక్కోదానికి తెల్లటి ఫోమ్ వల తొడిగి వరసగా పేర్చి ఉంటాయి. ఒకటి తీసి, కాడ దగ్గర వాసన చూసి, కొడుకు కిశోర్‌కుమార్ వైపు తిరుగుతుంది.

"ఇయ్యి పళ్లు కావురా, పెళ్లికూతుళ్లు. మా కొండమీద కాసినవి సూస్తే నవ్వుతావు."

ఆమె పుట్టింది బటాంగ్ బెర్జుంటై దగ్గర రబ్బరు తోటలో. పెళ్లయ్యాక భర్త గోపాలకృష్ణ వెంట కేమరన్ హైలాండ్స్ కొండలకు వెళ్లింది. అక్కడ ఒక చీనా యజమాని పండ్లతోటలో అతనికి పని. తౌకే అని అందరూ పిలిచే ఆ యజమానికి పీచ్ పిచ్చి. తన తాతలు చైనాలో పండించిన పండును ఇక్కడ పండించి తీరాలని ఆయన పట్టుదల. దొరల కాలంలోనూ బంగళాల వెనక ఒకటీ అరా చెట్లు నాటి చూశారని, ఏవీ సరిగా కాయలేదని ముసలివాళ్లు చెప్పేవారు.

పీచ్ చెట్టు ఆకు రాల్చుకుని, గట్టి చలిలో కొన్ని వారాలు నిద్రపోతేనే మళ్లీ పూస్తుంది. కేమరన్ చలి మనిషికి స్వెట్టరు తొడిగిస్తుందే గాని చెట్టును నిద్రపుచ్చలేదు. అందుకని ఆడవాళ్లు నిచ్చెనలెక్కి ఆకులన్నీ చేత్తో దూసేసేవారు, శీతకాలం వచ్చిందని చెట్టును నమ్మించడానికి. కిశోర్ కడుపులో ఉన్నప్పుడు కూడా కూర్మమ్మ ఆ పని చేసింది. చెట్టు ఒక ఏడు నమ్మేది, ఒక ఏడు నమ్మేది కాదు.

కాసినవి నిమ్మకాయకు కాస్త పెద్దవి, పులుపు. వాటిలో చూడటానికి బాగున్నవి చీనా కొట్లవాళ్లు పూజకు కొనేవారు. పీచ్ అంటే వాళ్లకు నిండు ఆయుష్షు. మిగిలినవి పనివాళ్లవి. కూర్మమ్మ వాటిని పటికబెల్లంతో ఉడకబెట్టి, నలిపి, వడకట్టి, చిటికెడు ఉప్పు వేసి, చల్లటి నీళ్లు కలిపి పానకం చేసేది. తౌకే పెట్టిన షరతు ఒక్కటే: టెంకలు మాత్రం తిరిగి ఇచ్చేయాలి. వాటితో మొక్కలు మొలిపించి అంట్లు కట్టేవాడు. అందువల్ల అన్నేళ్లు పీచ్ చెట్ల మధ్య బతికినా కూర్మమ్మ ఒక్క టెంకనూ పగలగొట్టి చూడలేదు.

చివరికి తౌకే విసిగి చెట్లు కొట్టించి క్యాబేజీ, స్ట్రాబెర్రీ వేశాడు. గోపాలకృష్ణ కుటుంబంతో క్లాంగ్ వచ్చి ఫ్యాక్టరీలో చేరాడు. ఇప్పుడు ఆయన లేడు. కూర్మమ్మ కొడుకు దగ్గరే ఉంటోంది.

కోడలు యోగేశ్వరిది తెలుగూ తమిళం కలిసిన ఇల్లు, ఆమెకు తమిళమే ఎక్కువ అలవాటు. నీళ్లను పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం. వాళ్ల కూతురు దర్షిణి సన్నగా ఉంటుందని యోగేశ్వరికి దిగులు, ఆదివారమైతే పిల్లను త్రాసు ఎక్కిస్తుంది. పాలు చూస్తే పిల్ల మూతి ముడుస్తుంది, అవ్వ చేసే పీచ్ పానకం మాత్రం గ్లాసు వదలదు. అమ్మానాన్నలు పనికి వెళితే పగలంతా పిల్ల కూర్మమ్మదే. ఆ పగటి కోసమే ఆమె తెల్లారి లేచేది.

ఒకరోజు పండ్లు కోస్తుంటే ఒక టెంక దానంతటదే విచ్చుకుంది. లోపల బాదంపప్పు! అదే రంగు, అదే ఆకారం. ఇన్నాళ్లు బలమంతా చెత్తబుట్టలో పారేశానా అనుకుంది కూర్మమ్మ. మిగతా టెంకలూ చితక్కొట్టి, పప్పు నానబెట్టి, పొట్టు తీసి, నూరి, పానకంలో కలిపింది.

దర్షిణి ఒక్క గుటక నోట్లో పోసుకుని ఉమ్మేసింది. "చేదు, అవ్వా!"

"బలం రావాలంటే అంతే. ఇంకో గుటక తాగమ్మా."

ఆ రోజు యోగేశ్వరి పెందరాళే వచ్చింది. వంటింట్లో ఘాటైన బాదం వాసన. బల్లమీద పగిలిన టెంకలు.

"అత్తా, ఏటి కలిపినారు ఇందులో?"

"బాదంపప్పేనే. పీచ్‌లో కూడా ఉంటాది, సూడు!"

యోగేశ్వరి గ్లాసు లాక్కుని, పిల్లను చంకనేసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా కారు దగ్గరికి పరుగెత్తింది.

క్లినిక్‌లో డాక్టరు పిల్లను చాలాసేపు కూర్చోబెట్టి చూసి, ఉమ్మేసింది కనక భయం లేదని పంపించాడు. పీచూ బాదమూ ఒక కుటుంబం చెట్లేనని, కానీ పీచ్ పప్పు నూరితే అందులోంచి సయనైడ్ పుడుతుందని యోగేశ్వరి ఇంట్లో చెప్పింది. గొంతు పెంచలేదు. మర్నాడే దర్షిణిని తాస్కాలో, అంటే పగలు పసిపిల్లల్ని చూసే చోట, చేర్పించింది.

కూర్మమ్మ అన్నం వండుతుంది, బట్టలు మడతపెడుతుంది, పిల్లకు మాత్రం బిస్కట్టయినా చేత్తో ఇవ్వదు. కొడుకు నవ్వించబోయాడు. "అమ్మా, నీ పానకం తాగే కదా నేను ఇంత లావైపోయినాను!" ఆమె నవ్వలేదు.

ఒక ఆదివారం దర్షిణి ఆమె కొంగు పట్టుకుంది. "అవ్వా, నీళ్లు."

"మీ అమ్మనడుగు."

గదిలోంచి యోగేశ్వరి బయటికొచ్చింది. "నీళ్లకి కూడానా అత్తా? నామీద అంత కోపమా?"

"కోపమేటి? భయం." కూర్మమ్మ చేతులు చూసుకుంది. "నీకేనా భయం, నాకు నేదా? ఇంకో గుటక తాగమన్నాను పిల్లని. ఈ సేతుల్తోనే ఇచ్చినాను. ఉమ్మకపోయుంటే?"

యోగేశ్వరి నీళ్లు పట్టి పిల్లకిచ్చి, అత్త పక్కన చాపమీద కూలబడింది.

"నాకు పొద్దున లేస్తే భయమే అత్తా. దగ్గితే భయం, తినకపోతే భయం. తాస్కాలో ఏటి పెడతారో అని రోజూ ఫోన్ చేస్తాను. ఆ టీచర్ నాతో విసిగిపోయింది!"

"మరి ఆ ఫోనేదో నాకు సేయొచ్చు కదా."

యోగేశ్వరి పిల్ల చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకుంది. తర్వాత అంది, "పొద్దున తాస్కా, మధ్యాహ్నం నుంచి మీ దగ్గర. కొత్తది ఏది పెట్టాలన్నా ముందు నాకు చెప్పాలి. సరేనా?"

"సెప్తాను. నవ్వకూడదు మరి."

సోమవారం మధ్యాహ్నం కూర్మమ్మ తాస్కా నుంచి పిల్లను తెచ్చుకుని, ఇంటికి రాగానే ల్యాబ్‌కు ఫోన్ చేసింది. "బొప్పాయి పెట్టనా? గింజలు తీసేసినాను." సాయంత్రం ఇంకోసారి, రంబుతాన్ పండు పెట్టనా అని. మంగళవారం డ్రాగన్ పండు. "దీని గింజలు ఏరడానికి అవదే, మరెలాగ?"

అవతల ఎవరో నవ్వడం, యోగేశ్వరి వాళ్లను ఊరుకోమనడం వినిపించాయి.

బుధవారం మళ్లీ ఫోన్. "ఇడ్లీ ఉంది. సెనక్కాయ సెట్నీ వెయ్యనా?"

"అత్తా, ఆ చట్నీ పుట్టినప్పట్నించీ తింటోంది!"

"అడగమన్నావు, అడిగినాను."

అవతల ఎవరో మీటింగ్‌కు పిలిచారు. ఆ తర్వాత యోగేశ్వరి అంది: "మీరే చూసి పెట్టండి అత్తా. ఇప్పుడు మీటింగ్ ఉంది, ఫోన్ ఎత్తను."

కూర్మమ్మ ఫోన్ బల్లమీద పెట్టింది. ఇడ్లీ తుంచి, చట్నీ కొంచెం నాలుకమీద వేసుకుని రుచి చూసి, దర్షిణిని నోరు తెరవమంది.