అన్న పూర్తి చేయని సైకిల్

మా అన్న పోయిన కబురు మా అన్న సైకిల్ మీదే వచ్చింది.

అప్పటికి ఆయన పట్నం దవాఖానలో ఉన్నాడు. ప్రెస్సులో పని చేస్తూ చేస్తూ జ్వరంతో కూలబడితే తోటివాళ్ళే తీసుకుపోయి చేర్పించారు. టైఫాయిడ్ అన్నారు. వదిన ఆయన దగ్గర ఉండిపోయింది. అమ్మా నేనూ గోపన్‌పల్లిలో, ఎవరైనా కబురు తెస్తారేమోనని బాటవైపే చూస్తూ ఉన్నాం. ఆ రోజు పొద్దెక్కుతుండగా సందు మొదట్లో సైకిల్ చప్పుడు వినిపించింది. తొక్కడం ఆపితే వెనక చక్రం చేసే చిటచిటలు మా ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మ పొయ్యి మీది గంజి దించి, "వచ్చిండు బిడ్డా" అంది. నేను నవ్వుకుంటూ వాకిట్లోకి వచ్చాను. సైకిల్ దిగింది ప్రెస్సులో అన్న పక్కన పని చేసే మనిషి. దాన్ని గోడకు ఆనించి, తలమీది టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఇంకేమీ చెప్పనక్కర లేకపోయింది.

మా అన్న గొప్పవాడని చెప్పడానికి ఇది రాయడం లేదు. పట్నంలో ఒక తెలుగు ప్రెస్సులో సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి వరసన పేర్చడం ఆయన పని. ఆయన కూర్చిన పుస్తకాల మీద ఆయన పేరు ఎక్కడా ఉండదు. మీరిప్పుడు చదువుతున్న ఈ అక్షరాలను కూడా ఎవరో అలాగే నిలబడి ఏరి ఉంటారు. వారికి నా దండం.

గోపన్‌పల్లి నుంచి పట్నానికి రాళ్ళ గుట్టల మధ్య బాట. వానాకాలం బురద, ఎండాకాలం దుమ్ము. నాయన బతికుండగా కొనిచ్చిన పాత విలాయతి సైకిల్ మీద అన్న రోజూ పోయి వచ్చేవాడు. వెనక క్యారియర్ మీద నేను. పట్నంలో ఆడపిల్లల బడి దగ్గర నన్ను దింపి తన పనికి పోయేవాడు. నేను మిడిల్ పాసయ్యే వరకూ నా చదువంతా ఆ క్యారియర్ మీదే సాగింది. నిజానికి బడిలో చదివినదాని కన్నా ఆయన వీపు వెనక కూర్చుని అప్పజెప్పిన పాఠాలే ఎక్కువ. తప్పు చెబితే ఆయన ఏమీ అనేవాడు కాదు, బెల్లు ఒకసారి కొట్టేవాడు. ఎదురుగా ఎవరూ లేని బాటలో బెల్లు మోగితే నేను మళ్ళీ మొదటినుంచి చెప్పుకోవాలి.

ఆ సైకిల్‌ను ఆయన ఉన్నదున్నట్టు ఎప్పుడూ ఉంచలేదు. ఒక పండుగకు మంచి సీటు, మరో ఏడాది కొత్త హ్యాండిల్, ఇంకోసారి డైనమో లైటు. కానీ ఆయనకొక పట్టుదల ఉండేది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మార్చాక కొన్నాళ్ళు తల ఒక పక్కకు వంచి, చప్పుడు వింటూ తొక్కేవాడు. "రెండు ఒక్కపారి మారిస్తె ఏది లొల్లి చేస్తున్నదో ఎట్ల తెలుస్తది?" అనేవాడు. ఆ వినే రోజుల్లో నన్ను పాఠం కూడా చెప్పనిచ్చేవాడు కాదు.

ఇంట్లో కూడా అదే పద్ధతి. వదిన బాచుపల్లి నుంచి కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు అమ్మకు ఆమె చేసిన పప్పు నచ్చలేదు, వాకిలి ఊడ్చే తీరు నచ్చలేదు, మాట్లాడేటప్పుడు చేతులు తిప్పడం నచ్చలేదు. అన్నీ ఒక్క వారంలోనే దిద్దాలని చూసింది. అన్న అన్నం తింటూ, "ఒక్కటే మార్చుకోయే అమ్మా. ఏది కావాల్నో నువ్వే చెప్పు" అన్నాడు. అమ్మ చాలాసేపు ఆలోచించి పప్పు అంది. మిగతావన్నీ వదిన ఈనాటికీ తన ఇష్టప్రకారమే చేస్తుంది. ఇద్దరూ తల్లీకూతుళ్ళలా కలిసిపోయారంటే ఆ పూట మా అన్న చెప్పిన మాటే కారణమని నా నమ్మకం.

యుద్ధం రోజుల్లో టైర్లు దొరకలేదు. చిరిగిన టైరు లోపల పాత టైరు ముక్క పెట్టి కుట్టుకుని తొక్కాడు. చక్రం తిరిగినప్పుడల్లా ఒకచోట గతుక్కుమనేది, నాకు నడుం నొప్పి పుట్టేది. ఆ తర్వాత బాటల మీద కొట్లాటలు, దోపిడీలతో గడబిడ రోజులొచ్చాయి. పొద్దు గూకకముందే ఇల్లు చేరాలని వెనక పళ్ళచక్రం మార్చి, పట్నం నుంచి గాలిలాగా వచ్చేవాడు. ఆయన సందులోకి వచ్చేదాకా మా ముగ్గురిలో ఎవరమూ నోట మెతుకు పెట్టేవాళ్ళం కాదు. అన్ని ప్రమాదాలు దాటుకుని వచ్చిన మనిషిని, అంతా సద్దుమణిగాక, ఒక జ్వరం ఎత్తుకుపోయింది. ఈ అన్యాయాన్ని నేను దేవుడికి ఇంకా మాఫీ చేయలేదు.

మా ఇద్దరికీ ఒకే ఒక్క విషయంలో పోట్లాట. నేను సొంతంగా సైకిల్ తొక్కాలి. చిన్నప్పుడు కడ్డీ కింద నుంచి కాలు దూర్చి నేర్చుకున్నాను కూడా. దాని నడుమ కడ్డీ చీర కట్టుకున్నవాళ్ళను ఎక్కనివ్వదు. "నువ్వు ఎన్ని మార్చినా ఆ కడ్డీ మాత్రం పోదు కద, అన్నా. ఫ్రేము, చక్రాలు, అన్నీ కొత్తవి తెచ్చి ఒక్కపారే కట్టించరాదా?" అని సతాయించేదాన్ని. ఆయన నవ్వేవాడు. "కొత్తదాని రోగాలేందో తెల్వాలంటె ఏడాది పడ్తది. దీని రోగాలన్నీ నాకు ఎరుకే. వీటితోనే నీకు చేస్త" అనేవాడు.

అన్నట్టుగానే ఒకనాడు పాత సామాన్ల బజారు నుంచి, నడుమ కడ్డీ లేని ఆడవాళ్ళ ఫ్రేము ఒకటి భుజానికి తగిలించుకుని వచ్చాడు. దాన్ని కొట్టంలో గోడకు వేలాడదీశాడు. ఆనాటి నుంచి ఆయన సైకిల్‌కు కొత్తది ఏది పడ్డా, ఊడిన పాతది శుభ్రమై, నూనె పూసుకుని నా ఫ్రేముకు చేరేది. ఆయనకు కొత్త చక్రం, నాకు నాయన నాటి చక్రం. ఆయనకు కొత్త బ్రేకులు, నాకు పాతవి. ఇలా ఒకవైపు ఆయన సైకిల్ కొత్తదవుతుంటే, ఇంకోవైపు ఆయన పాత సైకిల్ గోడమీద మళ్ళీ పుడుతూ వచ్చింది. నేను ఆయనకు కొత్తవి కావాలని మొక్కుకునేదాన్ని, నా స్వార్థం కోసమే.

ఈ వానాకాలం మొదట్లో కోకాపేట బడిలో ఆడపిల్లలకు చెప్పడానికి నన్ను తీసుకుంటామన్నారు. దసరా సెలవుల తర్వాత చేరాలి, రోజూ వేళకు రావాలి, అదొక్కటే షరతు. నడిస్తే పోనూ రానూ సగం రోజు. ఇంట్లో జీతం తెచ్చే రెండో మనిషినవుతానని నాకు సంబరం, అంత దూరం ఎట్లా పోతానని అమ్మకు పరేషాన్. అన్న కొట్టంలోకి పోయి గోడవైపు చూసి వచ్చాడు. ఇంకా పెడళ్ళు, చైను మిగిలి ఉన్నాయి. "దసరాకు రెండు బండ్లకు కలిపి పూజ చేద్దాం" అన్నాడు. ఒక్కటే మార్చాలన్న తన కట్టుబాటును నాకోసం తప్పి, పెడళ్ళు, చైను రెండూ ఒక్కసారే మార్చడానికి ఆయన ఒప్పుకున్నది అదే మొదటిసారి.

దవాఖానలో ఆయనను ఒక్కసారే చూశాను. ఒళ్ళు కాలిపోతోంది. కళ్ళు మూసుకునే ఉన్నాడు కాని కుడిచేతి వేళ్ళు దుప్పటి మీద అటూ ఇటూ పోతున్నాయి, అక్షరాలు ఏరుతున్నట్టు. నేను పిలిస్తే కళ్ళు తెరిచి గుర్తుపట్టాడు. "చైనొక్కటే ఉన్నది. ఐతది" అన్నాడు. పెడళ్ళ సంగతి మరిచిపోయాడు. నేను గుర్తుచేయలేదు. ఆయన నాతో చివరగా అన్న మాట అదే.

దినాల నాడు వాకిట్లో దానానికి మంచం, చెంబు, గొడుగు, చెప్పులు పెట్టారు. పోయినవాళ్ళు వాడుకున్నవి ఇక్కడ దానం ఇస్తేనే అక్కడ వాళ్ళకు అందుతాయని మావాళ్ళ నమ్మకం. దినాలు చేయించే అయ్యగారు, అన్న ఎక్కి తిరిగిన బండి కూడా ఇస్తే మంచిదన్నారు. అమ్మ మొదటి రోజు నుంచే ఆ మాట మీద ఉంది. వెంటనే సైకిల్ తెమ్మంది. అప్పుడు వదిన వచ్చి క్యారియర్ పట్టుకుంది. ఆమె ఏడవలేదు, అరవలేదు. పట్టుకున్న చేయి మాత్రం వదల్లేదు. అన్న పోయినప్పటి నుంచీ పొద్దున్నే లేచి ఆ సైకిల్ తుడుస్తోందని, హ్యాండిల్ పిడులు మాత్రం తుడవడం లేదని నాకు తెలుసు. ఆ పిడుల మీద ఆయన చేతి జిడ్డు ఉంది.

"నాకు ఇదొక్కటి ఉండనియ్యి, అత్తమ్మా" అంది.

"మరి నా కొడుకు నడుచుకుంట పోవాల్నా?" అంది అమ్మ.

వచ్చినవాళ్ళలో కొందరు అమ్మవైపు, కొందరు వదినవైపు మాట్లాడారు. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది. అంత దూరం ఆయన నడుచుకుంటూ పోవడం నా కళ్ళకూ కట్టింది. వదిన చేతిలోంచి దాన్ని లాగేయడం కూడా నేను చూడలేను. ఇక మిగిలింది ఒక్కటే. కొట్టంలోకి పోయి గోడమీది నా సైకిల్ దింపి, వాకిట్లోకి నడిపించుకుని వచ్చాను.

"దీన్ని ఇద్దాం. దీని ఫ్రేము తప్ప అన్నీ అన్న తొక్కినవే" అన్నాను.

అయ్యగారు దాన్ని చూసి, ఆడవాళ్ళ బండి కదా అన్నారు. పైగా చైను లేదు, పెడళ్ళు లేవు, తొక్కడానికి రాదే అని సందేహించారు.

"తయారైన సైకిలిస్తె మా అన్న ఏంజేస్తడు, అయ్యగారూ? పని లేకుంట ఒక్క పూట కూసోలేడు. ఇదైతె చేసుకుంట ఉంటడు" అన్నాను. అంతవరకూ ఎట్లా ఆపుకున్నానో, ఆ మాటతో నాకు ఏడుపు ఆగలేదు.

అమ్మ ఆ సైకిల్ దగ్గరికి వచ్చి సీటు మీద చేయి పెట్టింది. అది అన్న చిన్నప్పటి సీటు. "సరే" అన్నట్టు తల ఊపింది. వదిన క్యారియర్ వదిలి నా దగ్గరికి వచ్చింది. "మరి నీ బడి?" అని అడిగింది. నేను ఆమె వదిలిన సైకిల్ నడుమ కడ్డీ వైపు చూశాను. "కడ్డీ ఉంటె ఉండనీ. గోచి పెట్టి చీర నేను కడత. పొలం పనికి పోయేటోళ్ళు కట్టుకుంట లేరా? నువ్వు ఆయన సైకిల్ మీదనే పో" అంది. ఇప్పుడు రోజూ పొద్దున్నే కడుతోంది కూడా. గోచి కట్టుకుని సైకిల్ మీద వచ్చే పంతులమ్మను చూసి మొదట్లో కోకాపేట అంతా నవ్వింది. ఇప్పుడు అలవాటు పడ్డారు. చైను అరిగింది, మార్చాలి. నాకు ఇంకా మనసు రావడం లేదు.

ఆ రోజు అయ్యగారు నా సైకిల్‌ను నడిపించుకుంటూ బయలుదేరారు. హ్యాండిల్‌కు ఒకవైపు గొడుగు, ఒకవైపు చెంబు. అమ్మ గబగబా లోపలికి పోయింది. ఏడవడానికి పోయిందనుకున్నాను. నూనె మరకల గుడ్డలో ఏదో పట్టుకుని మళ్ళీ బయటికి వచ్చి, "జర ఆగుండ్రి, అయ్యగారూ" అంటూ సందులో ఆయన వెనకే పోయింది. అది అన్న నట్లు విప్పుకునే పానా. దాన్ని తన కొంగు అంచు చింపి హ్యాండిల్‌కు కట్టింది. ముడి ఊడదు కదా అని రెండుసార్లు లాగి చూసింది.

"ఇది లేకుంటె ఎట్ల చేస్తడు" అంది, ఎవరితోనూ కాదు.

అయ్యగారు మళ్ళీ కదిలారు. ఆయన వేసే ప్రతి అడుగుకూ పానా ఫ్రేముకు తగిలి టింగుమనేది. ఆయన మలుపు తిరిగి కనబడకుండా పోయారు. అమ్మ ఆ చప్పుడు వినబడినంతసేపూ సందు నడుమ నిలబడే ఉంది.